పంటిగాటు లేని కత్తి

సాయంత్రం ఐదింటికి జెంగ్‌జౌ వ్యాను బయలుదేరుతుంది. అందులో చేతులకు సంకెళ్ళతో లువాన్ బోతావ్ ఉంటాడు. ఒకసారి అక్కడికి చేరాక అతన్ని వెనక్కి తేవడం మా లోయాంగ్ పోలీసుల్లో ఎవరి తరమూ కాదు. హత్య, దానికి తోడు సమాధిలోంచి తవ్విన సొత్తు. ఆ రెండూ కలిస్తే మా దగ్గర పడేది తూటాయే.

నేను శ్యోంగ్ హోటల్ మెట్లు ఎక్కేసరికి సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. చేతిలో ఉన్నవి ఏడున్నర గంటలు.

లువాన్ నాకు అన్న. రక్తసంబంధం లేదు. ఇద్దరం ఒకే గురువు ముందు మోకరిల్లి, రెండు చేతులా టీ కప్పు అందించి శిష్యులమయ్యాం. ఆ గురువు, క్వాంగ్ యెన్‌తింగ్ గారు, పోయిన మంగళవారం తన ఇంటి పనిగదిలో శవమై కనిపించారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, రెండు కళ్ళకూ శుక్లాలు. బెంచీకి బిగించిన, వస్తువును కదలకుండా పట్టే ఇనప వైసు మూలకు తల వెనక భాగం తగిలింది. పడ్డారా, ఎవరైనా పడేశారా అన్నది కేసు.

ఆ రోజు గంటలూ నిమిషాలూ నాకు కంఠస్థం. ప్రాణం పోయింది మూడున్నరకూ నాలుగున్నరకూ మధ్య అని డాక్టరు చెప్పాడు. పక్కింటి మంగలి రోజూ గోడకు చెవి ఆనించి గురువుగారి రేడియోలో నాటకం పాటలు ఉచితంగా వింటాడు. ఆ రోజు పాట మధ్యలో ఆగిపోతే తిట్టుకుంటూ గడియారం చూశాడట. మూడూ యాభై అయిదు. నాలుగూ ఇరవైకి లువాన్ నీలం గుడ్డ మూట చంకన పెట్టుకుని ఆ ఇంట్లోంచి బయటికి రావడం కూడా ఆ మంగలే చూశాడు. మూటలోని కంచు కత్తి ఆరింటికల్లా హోటల్ యజమాని శ్యోంగ్ గాజు బీరువాలోకి చేరింది. నిన్న, ఆదివారం సాయంత్రం, రాష్ట్ర రాజధాని జెంగ్‌జౌ నుంచి వచ్చిన కెప్టెన్ బియెన్ దాన్ని కనిపెట్టి, బీరువాకు సీలు వేసి, లువాన్‌ని లాకప్‌లో పెట్టాడు.

పాత కంచు ఆయుధాలు సరిచేయడం మా గురువుగారి విద్య; పన్నెండేళ్ళ కింద అది వదిలి పోలీసుల్లో చేరాను కాబట్టి పాత వస్తువుల విభాగం నాది. చచ్చిపోయినవాడి శిష్యుణ్ణి కాబట్టి కేసు నాది కాదు. కత్తిని పరీక్షించి కాగితం రాసిచ్చే పని మాత్రం బియెన్ నాకు వదిలాడు.

శ్యోంగ్ విందు గది గోడ పొడుగునా గాజు బీరువాలు. కంచు గొడ్డళ్ళు, బాణపు ములుకులు, రెండు పొట్టి కత్తులు, ఒక్కోదానికి ఒక్కో బల్బు. సగానికి సగం నకిలీలు. వినెగర్‌లో నానబెట్టి పచ్చ తెప్పించినవి. ఆ సంగతి చెప్పి పొద్దున్నే ఆయన కడుపు మండించడం నాకిష్టం లేకపోయింది.

"టీ తీసుకోండి కెప్టెన్ తెంగ్," అన్నాడు శ్యోంగ్. నిద్రలేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎందుకు కొంటారు ఇవన్నీ?"

"మీరడుగుతున్నారా ఆ మాట? కారు ఇప్పుడు ప్రతివాడికీ ఉంది. రాజు పక్కన నిలబడ్డవాడి ఆయుధం ఎవడింట్లో ఉంది, చెప్పండి. మా నాన్న వీధి వీధి తిరిగి చిల్లులు పడ్డ గిన్నెలకు మాట్లు వేసేవాడు. ఆయన్ని గేటు లోపలికి రానివ్వని ఫ్యాక్టరీ డైరెక్టర్లు ఈ బీరువా ముందు నిలబడి నాతో గ్లాసు కలుపుతున్నారు. అందుకు కొంటాను."

నేను జేబులోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టాను. నెల కిందట పట్టుబడ్డ సమాధి దొంగల దగ్గర దొరికింది. గోతిలో ఎముకలు, వాటి పక్కన కంచు కత్తి. కర్రకు అడ్డంగా కట్టే రకం, మేం గె అంటాం. సరిగ్గా నడిమికి మోచెయ్యిలా వంగి ఉంది. వెనక మొన మీద చేప గుర్తు.

"ఇది మీకు అందినప్పుడు ఇలాగే ఉందా?"

శ్యోంగ్ ఫొటో వంక చూడలేదు. "ఇలాగే ఉంది. వంకర కత్తిని బీరువాలో పెట్టి అతిథులకు ఏం చూపించను? మట్టి బరువుకు వంగిపోయిందనుకున్నాను. క్వాంగ్ గురువుగారి దగ్గరికి పట్టుకెళ్ళాను."

"ఆయన ఏమన్నారు?"

"వేళ్ళతో తడిమారు. చేప గుర్తు మీద చాలాసేపు వేలు ఉంచారు. తర్వాత నన్ను కుక్కను తిట్టినట్టు తిట్టి వెళ్ళగొట్టారు. సందు చివరిదాకా వచ్చేశాక వెనకనుంచి ఆయన కూతురు పరుగెత్తుకొచ్చింది. 'నాకివ్వండి, పది రోజుల్లో సరై వస్తుంది' అంది. సరిగ్గా పదో రోజు లువాన్ తెచ్చిచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. ముసలాయన పోయాడని నాకు మర్నాడుగానీ తెలీదు. అదే నాకు తెలిసింది, నన్ను కొట్టినా ఇంతే."

"పని ఎవరు చేశారని అడగలేదా?"

"అడిగేదేముంది? ఆ ఇంట్లో పని చేసేది గురువో శిష్యుడో. ఆ అమ్మాయి తీసుకెళ్ళి లువాన్ చేతికి ఇచ్చి ఉంటుంది."

నేనూ తలూపాను. ఆ తలూపినందుకు ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేదు.

వంకర గురించి ఒక మాట చెప్పాలి. మూడు వేల ఏళ్ళ కింద ఈ నేల మీద బతికినవాళ్ళు చచ్చిపోయినవాడి ఆయుధాన్ని వంచి మరీ పాతేవారు. ఎందుకో పండితులు పది కారణాలు చెబుతారు. మా గురువుగారు ఒక్కటే చెప్పేవారు. "ఇక చాలు, పడుకో నాయనా అని వంచారు. వంచినవాడు ఎవడో తండ్రి అయి ఉంటాడు." ఆయన ఒక్కగానొక్క కొడుకు రులిన్ డెబ్భై తొమ్మిదిలో దక్షిణ సరిహద్దు యుద్ధంలో పోయాడు. విద్య కొడుక్కి ఇవ్వాలనుకున్న మనిషి ఆ తర్వాతే మమ్మల్ని, బయటివాళ్ళని, చేర్చుకున్నారు. మట్టి నలిపేసింది ఏదైనా సరిచేసేవారు. మనిషి చెయ్యి వంచినదాన్ని మాత్రం ముట్టుకునేవారు కాదు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.

సీలు విప్పించి కత్తిని చేతిలోకి తీసుకున్నాను. వంపు లేదు. వెలుతురుకు పెట్టి చూస్తే నడిమి గీత ఆ చివరినుంచి ఈ చివరికి తిన్నగా పోయింది. భూతద్దం తీసి అంచులు చూశాను. ఒకసారి చూసి, కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూశాను.

గురువుగారి పద్ధతి ఇది. కత్తిని వేడి ఇసుకలో నెమ్మదిగా కాచి, తిప్పి బిగించే మరలో రెండు కొయ్య దవడల మధ్య పెట్టి, రోజుకు వెంట్రుక మందాన బిగించాలి. ఎంత జాగ్రత్తగా చేసినా దవడల చివర అంచు మీద రెండు సన్నని గాట్లు పడతాయి, బియ్యపు గింజ కొనంత. పంటిగాట్లు అనేవాళ్ళం. గురువుగారు చేసినా, లువాన్ చేసినా, నేను చేసినా పడేవి. పంటిగాటు లేకుండా ఒక్క కత్తి, ఒక్కటంటే ఒక్కటి సరిచేసి చచ్చిపోతానని గురువుగారు అంటుండేవారు.

ఈ కత్తికి పంటిగాటు లేదు.

"ఎన్ని గాట్లు? సున్నా. బాగుంది," అన్నాడు బియెన్.

పదకొండూ నలభై. స్టేషన్‌లో అతని బల్ల మీద సంతకాలు కావాల్సిన కాగితాల కట్ట, పక్కన చల్లారిన మాంసం పులుసు గిన్నె. బియెన్ తెలివితక్కువవాడు కాదు. అయితే జెంగ్‌జౌ తెలివి, దానికి తొందరెక్కువ.

"లువాన్ మూడూ యాభైకి తను పనిచేసే మ్యూజియం గేటు పుస్తకంలో సంతకం పెట్టి బయటపడ్డాడు," అన్నాను. "అక్కణ్ణుంచి సైకిల్ మీద గురువుగారి ఇంటికి ఇరవై నిమిషాలు. రేడియో ఆగింది మూడూ యాభై అయిదుకి."

"రేడియో బ్యాటరీ అయిపోయి ఆగి ఉండొచ్చు."

"మన రుజువుల గదిలోనే ఉంది, వేసి చూశాను. ఇప్పటికీ మోగుతోంది."

"గేటు దగ్గరి వాచ్‌మన్ నిద్రలో కూడా టైము రాస్తాడు, కోర్టుకి ఆ సంగతి చెప్పనా? నేరస్థుడు ఒప్పుకున్నాడు తెంగ్. మనిషి తనంతట తను ఒప్పుకుంటే నీకేం నొప్పి?"

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం నువ్వు."

బియెన్ నవ్వలేదు. లేచి తలుపు మూసి, నాకు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. "సరే, నీ లెక్కే తీసుకుందాం. ఆ కత్తిని విరక్కుండా తిన్నగా చేయగలవాళ్ళు ఈ ఊళ్ళో ముగ్గురు. నువ్వే రాశావు కాగితం మీద. ఒకడు కాటికి పోయాడు. ఒకడు నా లాకప్‌లో ఉన్నాడు. మూడోవాడు నా ఎదురుగా నిలబడి, ఎవరికీ కనిపించని గాట్ల గురించి కథలు చెబుతున్నాడు. నేను రెండోవాణ్ణి వదిలితే మూడోవాడి చేతులు చాపమనాలి. చాపుతావా?"

"చాపుతాను. ముందు అయిదు నిమిషాలు అతనితో మాట్లాడనీ."

"ఒక్క మాట బయటికి లీకైతే నీ టోపీ ఊడుతుంది," అని తాళాలు విసిరాడు.

లువాన్‌కు యాభై ఏళ్ళు. పాదరసంతో బంగారు పూత పనులు చేసి చేసి అయిదేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి బెంచీ మీద జరిగి చోటిచ్చాడు, పాతరోజుల్లో పనిబల్ల దగ్గర జరిగినట్టే.

"తిన్నావా తమ్ముడూ?"

"తిన్నాను. అన్నా, ఆ కత్తి ఎన్ని రోజుల్లో సరిచేశావు?"

"మూడు."

"మూడు రోజుల్లో అయితే నడిమికి విరిగేది. ఆ మాట నాకు నేర్పిందే నువ్వు."

నేను టీ కప్పు నిండా పోసి అతని ముందు పెట్టాను. తాగమన్నాను. అతను తాగడానికి ఇష్టపడలేదు. నేను కప్పు అతని చేతిలో పెట్టాను. సగం టీ మోకాళ్ళ మీద ఒలికింది. అతను ఆ తడివంక చూస్తూ కూర్చున్నాడు.

"ఈ చేత్తో చేశానంటే నేను నమ్మాలా? దవడలు ఎక్కడ బిగించావు?"

"గురువుగారి మరలోనే, ఎప్పట్లాగే."

"పంటిగాట్లు లేవన్నా."

అప్పుడు తలెత్తాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. భయపడతాడనుకున్నాను. అతను సంతోషపడ్డాడు. కళ్ళు నిండాయి. "నిజంగానా? నువ్వు అద్దం పెట్టి చూశావా? నేను సరిగ్గా చూడనేలేదు, గుడ్డలో చుట్టి పరుగెత్తాను."

ఆ మాట నోరు జారిందని తెలిసి గోడవైపు తిరిగిపోయాడు. "అన్నీ నేనే చేశాను. వెళ్ళు షోవెన్. ఈ కేసు లోతుకు వెళ్ళకు. ఆ ఇంట్లో టీ తాగిన రుణం ఎలాగైనా తీరనీ."

"మూట నీ చేతికెలా వచ్చింది? అంత విలువైన రుజువు ఏ నదిలోనో పారేయొచ్చు కదా."

"నది వంతెన మీద పావుగంట నిలబడ్డాను," అన్నాడు గోడతో. "చెయ్యి రాలేదు."

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి గురువుగారి సందులో సైకిల్ దిగాను. మనిషి పోయిన ఏడో రోజు. ఆ రోజు పోయినవాళ్ళు ఇంటికొస్తారని, వాళ్ళకిష్టమైనవి వండిపెట్టడం మా దగ్గర ఆచారం. ముందు గదిలో గురువుగారి ఫొటో, అగరొత్తులు, పులిసిన పెసర నీళ్ళలో వండిన నూడుల్స్ గిన్నె. ఫొటో ముందు నుదురు నేలకు ఆనించాను. ఈ ఇల్లు మా ఇంటికి ఇరవై నిమిషాలు. నేను పోలీసుల్లో చేరినప్పుడు ఆయన నా ముఖం చూడనన్నారు. చూడరేమోనని నేను పన్నెండేళ్ళు రాలేదు. ఇప్పుడు వచ్చి మోకరిల్లితే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

గురువుగారి కూతురు రుజెన్ తలకు తెల్లగుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. మేం మోకరిల్లి శిష్యులమైన రోజు ఆ టీ ట్రే పట్టుకుని నిలబడింది ఆమే. అదే గుమ్మంలో.

"పనిగది ఒకసారి చూస్తాను చెల్లెమ్మా."

"చూడు అన్నా. ఏమీ కదపలేదు."

బియెన్ మనుషులు నేల మీద రక్తం చుట్టూ సున్నంతో గీత గీశారు. వైసు మూల చూశారు, తలుపు గొళ్ళెం చూశారు. మర వంక చూసినట్టు లేదు. నేను దాని దగ్గరికి వెళ్ళాను. తిప్పే కడ్డీకీ దిమ్మెకూ మధ్య సాలెగూడు, చెక్కుచెదరకుండా ఉంది. మరకు రాసిన కొవ్వు ఎండి పొలుసులు కట్టింది. కొయ్య దవడలు పెట్టెలో పాత వార్తాపత్రికలో చుట్టి ఉన్నాయి. పత్రిక మీద తేదీ మార్చి. ఇప్పుడు అక్టోబరు.

ఈ గదిలో ఏడు నెలలుగా ఎవరూ ఏ కత్తీ సరిచేయలేదు.

"అన్నా, ఒక ముద్ద తిని వెళ్ళు. ఏడో రోజు వచ్చినవాళ్ళు తినకుండా పోకూడదు," అని రుజెన్ వంటింట్లోంచి పిలిచింది.

వంటింట్లోకి నేను ఆ ఇంట్లో ఉన్న ఏడేళ్ళలో నాలుగుసార్లు కూడా వెళ్ళి ఉండను. పొయ్యి పక్కన వేరుశనగలు వేయించే ఇసుక మూకుడు. మూలన ఆవదుంపల ఊరగాయ జాడీ, దాని మూతమీద ఉండాల్సిన బరువు రాయి నేల మీద ఉంది. ఒకటి కాదు, మూడు రాళ్ళు, చిన్నదాని నుంచి పెద్దదాకా. గూట్లో చెప్పుల అడుగులు దొంతరగా పేర్చి ఉన్నాయి. పాతగుడ్డ పొరలు గంజితో అంటించి నారదారంతో కుట్టిన మామూలు అడుగులే, మా ఊళ్ళో ప్రతి ఆడమనిషీ కుడుతుంది. ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

జానన్నర పొడుగు, మూడు వేళ్ళ వెడల్పు. అలాంటి పాదం లోకంలో ఎవరికీ ఉండదు.

తిప్పి చూశాను. లోపలివైపు గుడ్డ మీద పచ్చగా మరక, కంచు పచ్చ. మధ్యలో నడిమి గీత అచ్చు తిన్నగా పడింది. కొయ్యంత గట్టిగా, చర్మమంత మెత్తగా ఉంది. అంచును కరవదు. మరకు బదులు ఆ రాళ్ళు, కొయ్య దవడలకు బదులు ఇవి. ముగ్గురం ఏళ్ళ తరబడి కొయ్యను నున్నగా చేస్తూ కూర్చున్నాం. పక్కగదిలో గుడ్డ కుడుతున్న మనిషిని ఎవరమూ అడగలేదు. ముగ్గురని కాగితం మీద రాసింది నేను. ఈ ఊళ్ళో విద్య కొడుక్కిస్తారు, శిష్యుడికిస్తారు. కూతురికిస్తే పరాయి ఇంటికి పోతుందంటారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకునే కళ్ళతోనే నేను కూడా లెక్కపెట్టాను. ఈ మనిషి ఏ ఇంటికీ పోలేదు.

పీట లాక్కుని కూర్చున్నాను.

"తొమ్మిది రోజులా?" అన్నాను.

ఆమె గిన్నెలో నూడుల్స్ వడ్డించడం ఆపలేదు. "పది. చివరి రోజు ఊరికే చల్లారనిచ్చాను."

గిన్నె నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. తలుపు వెనక చిన్న బట్టల మూట కట్టి ఉండటం అప్పుడు చూశాను.

"నాన్నకి ఇవాళ అన్నం పెట్టి నేనే వద్దామనుకున్నాను," అంది. "లువాన్ అన్నని ఐదింటికి తీసుకెళ్తారని మంగలి చెప్పాడు. మూడింటికల్లా బయల్దేరేదాన్ని. నువ్వే వచ్చావు, మంచిదే."

"ఎందుకు చేశావు రుజెన్? అది వంచి పాతిన కత్తి అని నీకు తెలుసు."

"నాకు తెలీనిదేముంది? మీకు ఆయన చెప్పిన ప్రతి మాటా నేను గుమ్మంలో నిలబడి విన్నాను. మీరు ఇళ్ళకెళ్ళాక పనికిరాని ముక్కల మీద చేసి చూసుకున్నాను. ఇరవై ఏళ్ళు అన్నా. మట్టి నలిపిన కత్తి మ్యూజియంకి పోతుంది, నా చేతికెందుకొస్తుంది? ఇది ఒక్కటే నా చేతికొచ్చింది. తప్పని తెలిసే తీసుకున్నాను."

"ఆ రోజు ఏం జరిగింది?"

"మంగళవారం. రేడియో మోగుతోంది. కత్తి తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టాను. కళ్ళు కనిపించవు కదా, బొటనవేలుతో రెండు అంచులూ తడిమారు. మళ్ళీ తడిమారు. 'గాటు లేదు' అన్నారు. ఆయన నోరు అలా తెరుచుకుని ఉండిపోవడం అన్నయ్య పోయాక నేను చూడలేదు. ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు." ఆమె తలగుడ్డ అంచు వేలికి చుట్టుకుంది. "'షోవెన్ వచ్చాడా?' అన్నారు."

ఆ పేరు నాది. తింటున్న గిన్నె పక్కకు జరిపాను.

"'నన్ను వదిలిపోయినా వాడి చెయ్యి విద్యను వదల్లేదు. సిగ్గుపడి గుమ్మం బయట నిలబడ్డాడా? లోపలికి పిలువు' అన్నారు. నాన్నా, నేను చేశాను అన్నాను. 'ఎగతాళి చెయ్యకు, వాణ్ణి పిలువు' అన్నారు. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ వీధి గుమ్మంవైపే ముఖం పెట్టారు."

నేను ఏడ్చాను. పోలీసువాణ్ణని ఆపుకోలేదు, ఆపుకుంటే ఆగేది కూడా కాదు.

ఆమె నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. "తర్వాత ఆయన వేలు చేప గుర్తు మీదికి పోయింది. అప్పుడు తెలిసింది ఏ కత్తో. రేడియో ఆయనే కట్టేశారు. 'దీన్ని వంచినవాడి కొడుకు మళ్ళీ లేచి యుద్ధానికి పోవాలా? ఎవడు చేశాడీ పాపం?' అన్నారు. అది పాపం కాబట్టి అప్పుడు నేనే చేశానని నమ్మారు. వైసులో పెట్టి మళ్ళీ వంచుతానన్నారు. పది రోజుల పని. నా బతుకంతా కలిపి ఒక్క పని. నేను పట్టుకున్నాను. ఆయన లాగారు. ముసలాయన, ఎంత బలమో."

"తోశావా?"

"లేదు. వదిలేశాను."

వంటింట్లో ఊరగాయ వాసన, అగరు పొగ. ఆమె నా కళ్ళల్లోకి చూసింది.

"అంత బలంగా లాగుతున్న మనిషిని వదిలేస్తే వెనక్కి పడతాడని నీకు తెలుసా అని అడుగుతావు. అది అడగడం నీ ఉద్యోగం. తెలుసు అన్నా. ఆ ఒక్క క్షణం తెలుసు. వెనక వైసు ఉందని కూడా తెలుసు. లువాన్ అన్న వారం వారం కళ్ళమందు తెచ్చేవాడు, అలాగే వచ్చాడు. నన్ను చూశాడు, కత్తిని చూశాడు. ఒక్క మాట అడగలేదు. నోరు విప్పకు అని చెప్పి మూట తీసుకుపోయాడు."

ఆ అడుగులు పొయ్యిలో వేస్తే రెండు నిమిషాల్లో బూడిద. వేసి ఐదింటిదాకా ఊరుకుంటే లువాన్ కోరుకున్నట్టే అంతా ముగుస్తుంది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, పొయ్యివైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"వద్దు. మళ్ళీ ఇంకొకళ్ళు చేశారంటారు," అంది.

మంగలి దుకాణం నుంచి బియెన్‌కు ఫోన్ చేశాను. అతను వచ్చేసరికి మూడున్నర దాటింది. వస్తూనే నన్ను తిట్టబోయి, వంటింటి బల్ల మీద వరసగా పేర్చిన ఎనిమిది అడుగులు చూసి ఆగిపోయాడు. కత్తి తెప్పించమన్నాను. రుజెన్ దాన్ని తీసుకుని అడుగుల మధ్య పెట్టింది. నడిమి గీత అచ్చులో కత్తి సరిగ్గా కూర్చుంది, వేలు పట్టే సందు లేదు. బియెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మరో మనిషిని నేను లెక్కలో వేసుకోలేదు," అన్నాడు చివరికి.

"ఎవరూ వేసుకోలేదు," అన్నాను.

వాంగ్మూలం నేనే రాశాను. ఆమె చెప్పినవన్నీ, చెప్పినట్టే. వదిలేశాను అన్న మాట రాసేటప్పుడు నా కలం ఆగితే, ఆమె మళ్ళీ చెప్పింది. కాగితం ఆమె ముందుకు జరిపాను. చివరిదాకా చదివింది. మళ్ళీ పైకి వెళ్ళి మొదటి వరస మీద వేలు పెట్టింది. అక్కడ పేరు, వయసు, వృత్తి అని గళ్ళున్నాయి. పోయిన వారం బియెన్ మనుషులు సాక్షిగా ఆమె దగ్గర తీసుకున్న కాగితంలోంచి నేను చూసి ఎక్కించినవి.

"ఇది తప్పు అన్నా."

వృత్తి అన్న చోట ఇంటిపని అని ఉంది.

ఆ మాట కొట్టేశాను. దాని పైన కంచు పని అని రాశాను. ఆమె ఆ రెండు మాటల వంకా చాలాసేపు చూసింది. తర్వాత ఎర్రసిరాలో బొటనవేలు ముంచి, కింద గట్టిగా అద్దింది.

బియెన్ గొంతు సవరించుకున్నాడు. అడగాల్సిన ప్రశ్న కాబట్టి అడిగాడు, మెల్లగానే అడిగాడు. "ఈ విద్య నీకు ఎవరు నేర్పారు?"

రుజెన్ చేతులు చాపుతూ నా వైపు తిరిగింది.

"ఎవరూ నేర్పలేదు. అది కూడా రాయి అన్నా."